చట్టం ఒప్పుకోని చుట్టరికం

బరింగల్‌లో ఒకప్పుడు మేనేజర్ జీతం పెంచాలంటే ఆ అంకెను ఊరందరి ముందూ పైకి చదవాల్సి వచ్చేది. అప్పటికి అదింకా బ్యాంకు కాదు. గోధుమ రైతులూ రైల్వే కూలీలూ ఇళ్ళు కట్టుకోవడానికి పెట్టుకున్న పొదుపు సంఘం. ఏటా చలికాలం చివర ఊరుమ్మడి మెకానిక్స్ హాల్లో సమావేశం జరిగేది. ఆడవాళ్ళు తలా ఒక పళ్ళెం తెచ్చేవాళ్ళు, కొందరు స్కోన్ రొట్టెలు, కొందరు కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులు. కార్యదర్శి లేచి, "మేనేజర్ గారికి వచ్చే ఏడు ఇంత ఇద్దామనుకుంటున్నాం" అని చదువుతుంటే ఆ మేనేజర్ వేదిక మీద చెవులు ఎర్రబడి కూర్చునేవాడు. ఒక కరువు ఏడు వెనక బెంచీ నుంచి ఎవరో, "వాన పడనివ్వండయ్యా, ఆయనకీ మాకూ కలిపి పెంచుకుందాం!" అని అరిచారు. హాలంతా నవ్వింది. మేనేజరూ నవ్వాడు. ఆ ఏడు జీతం పెరగలేదు. ఆయన ఆకలితో చచ్చిపోనూ లేదు.

ఆ హాల్లో టీ పోసిన ఆడవాళ్ళలో గ్లెనిస్ టార్పీ ఒకతె. పదిహేడో ఏట సంఘం కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి, జుట్టు నెరిసేదాకా అక్కడే నిలబడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "అడిగినవాడు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు" అని నవ్వేసేది. పక్క కౌంటర్‌లో డల్సీ పాస్కో ఉండేది. డల్సీ మొగుడు పడమటి గనుల్లో పనికని వెళ్ళి అటే పోయాడు. ఇద్దరాడవాళ్ళూ ఒకే కెటిల్‌లో నీళ్ళు కాచుకుని, ఒకే డబ్బాలో బిస్కట్లు తిని, ఒకరి తలనొప్పి ఇంకొకరు మోసుకుంటూ బతికారు. ఆ తర్వాత డల్సీకి రొమ్ములో గడ్డ వచ్చింది. పోయేనాటికి కూతురు నరెల్‌కి పదహారేళ్ళు.

పిల్లను ఎవరు తీసుకుంటారన్నది ఊరికి పెద్ద ప్రశ్న అయింది. అడిలైడ్‌లో ఉన్న మేనత్త శుక్రవారం రైలుకి వస్తానంది. ఆ శుక్రవారం రాలేదు, ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు. సమాధి దగ్గరి నుంచి జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్తుంటే గ్లెనిస్ ఆ పిల్ల బడిసంచీ అందుకుని, "పద, కూర చల్లారిపోతుంది" అంది. అంతే. కోర్టూ లేదు, కాగితమూ లేదు. నరెల్ ఆ ఇంటి ముందు గదిలో ఉండి బడి ముగించింది. జ్వరం వస్తే గ్లెనిస్ తడిగుడ్డ వేసింది. పరీక్షలప్పుడు రేడియో కట్టేసింది. సైకిళ్ళ షెడ్డు వెనక సిగరెట్లు తాగిందని బడి నుంచి కబురొస్తే వెళ్ళి తలవంచుకుని నిలబడింది. "మీరు తనకేమవుతారు?" అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. చిన్న ఊరు, అందరికీ తెలుసు.

తర్వాత నరెల్ చదువుకోసం మెల్‌బోర్న్ వెళ్ళింది. లాయరయింది, పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసింది. ఇక్కడ సంఘం కూడా ఊరుకోలేదు. సభ్యులందరికీ షేర్లు పంచి తను ప్లెయిన్స్ బ్యాంకయింది, స్టాక్ మార్కెట్‌కెక్కింది, హెడ్డాఫీసు మెల్‌బోర్న్‌కి మోసుకుపోయింది. గ్లెనిస్‌కూ గుప్పెడు షేర్లు వచ్చాయి. ఆమె వాటిని అమ్మలేదు. లాభం చూసుకుని కాదు, డల్సీ కూర్చున్న చోటులో తనకింకా కాస్త భాగం ఉన్నట్టు అనిపించి. కొన్నేళ్ళ కిందట నరెల్ ఆ బ్యాంకు బోర్డులోనే డైరెక్టరయింది. పెద్దవాళ్ళ జీతాలు ఎంతుండాలో తేల్చే కమిటీకి పెద్ద తనే. బరింగల్ బేకరీలో ఆ వారమంతా గ్లెనిస్ తల ఎత్తుకుని తిరిగింది.

ఆదివారం సాయంత్రం నరెల్ ఫోన్ చేసేది. అన్ని ఆదివారాలూ కాదు. వారం మొత్తంలో గ్లెనిస్ ఇంట్లో మోగే ఫోన్ అదొక్కటే.

ఈ ఏప్రిల్‌లో, విత్తనాలు వేసే ముందు, ప్లెయిన్స్ బ్యాంకు బరింగల్ శాఖ మూసేసింది. బోర్డు ఊడదీసిన చోట ఇటుకలు మాత్రం కొత్తగా ఎర్రగా మిగిలాయి. "ఫోన్లో చేసుకోండి" అన్నారు. ఎనభై దాటిన మెర్వ్ షుల్జ్ ఆ ఫోన్ పట్టుకుని గ్లెనిస్ ఇంటికి వచ్చేవాడు.

"చూడు తల్లీ, నేను నొక్కుతా, అది పలకదు. అరవయ్యేళ్ళు గోధుమలు దులిపిన వేలు. దాని మీద గీతలే లేవంటుంది ఈ అద్దం. నేను బతికే ఉన్నానని దీనికెట్టా చెప్పాలి?"

"తుడుచుకో ముందు. వేలంతా జామే."

"జామ్ కాదు, గ్రీజు."

"ఇంకా మంచిది."

నవ్వుకునేవాళ్ళు. కాని ఆ ఫోన్ పలకని రోజు మెర్వ్ డెబ్భై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ పక్క పట్నానికి పోవాలి. అతనికి ఒక కన్ను సరిగ్గా ఆనదు. ఊళ్ళో అలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. అంగడివాళ్ళు రోజూ గల్లాపెట్టెలోకి వచ్చిన నోట్లు పరుపుల కింద పెట్టుకుంటున్నారు.

సెప్టెంబరులో, అక్కడి వసంతంలో, బ్యాంకు జీతాల నివేదిక వచ్చింది. ఎండీకి బోనస్‌తో కలిపి యాభై లక్షల డాలర్ల పైమాటే. బోనస్ ఎందుకిచ్చారో కారణాలు కూడా అచ్చువేశారు. వాటిలో ఒకటి "శాఖల వ్యవస్థను సరళీకరించడం". మెర్వ్ దాన్ని బేకరీలో పైకి చదివాడు. చదివి కళ్ళద్దాలు తీశాడు.

"అంటే మనల్ని మూసేసినందుకు ఆయనకి బహుమానం. అదే కదమ్మా దీనర్థం? నేను తప్పు చదివానా?"

తప్పు చదవలేదు. దొంగ గోడ దూకితే కేసవుతుంది. దొర గోడ కూల్చితే బోనస్ అవుతుంది. దాన్ని రాసిన చేయి ఎవరిదో బేకరీలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ గ్లెనిస్ ముఖం వంక చూడలేదు.

ఈ దేశంలో ఒక నియమం ఉంది. కంపెనీ జీతాల నివేదిక మీద వాటాదార్లు వేసిన ఓట్లలో పావువంతు వద్దంటే అది ఒక దెబ్బ. మరుసటేడు కూడా పావువంతు వద్దంటే రెండో దెబ్బ. అప్పుడు డైరెక్టర్లందర్నీ దింపి మళ్ళీ ఎన్నికకు నిలబెట్టాలా అని అక్కడికక్కడే ఇంకో ఓటు పెట్టాలి. ప్లెయిన్స్ బ్యాంకుకి నిరుడే ఒక దెబ్బ పడింది.

"నా షేర్లు కరువులో ట్రాక్టర్ టైర్లకి పోయినాయి" అన్నాడు మెర్వ్. "నీ దగ్గరున్నాయిగా. వెళ్ళి వద్దని కొట్టిరా."

ఆ ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు గ్లెనిస్ మెల్లగా కదిపింది.

"నెల్, సమావేశానికి వద్దామనుకుంటున్నా."

"ఎందుకు ఆంటీ? బస్సు, మళ్ళీ రైలు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూడొచ్చు."

"నా దగ్గర కంప్యూటర్ ఎక్కడుంది? నిన్ను వేదిక మీద చూసినట్టూ ఉంటుంది."

"మా మీద రాళ్ళు పడే రోజది. అందులో చూసేదేముంది?"

"ఓటు కూడా ఉందిగా నాకు."

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"అదే చెప్పబోతున్నా. జీతాల అంశం మీద నీకు ఓటుండదు. డైరెక్టర్లూ వాళ్ళ తాలూకు మనుషులూ దాని మీద ఓటెయ్యకూడదు. చట్టం."

"నేను నీ తాలూకా?"

"మరి కాదా? ఇంట్లో మనిషివి. అమ్మ తర్వాత నాకున్నది నువ్వే కదా."

తేలిగ్గా అనేసింది నరెల్, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా. కాని గ్లెనిస్ ఫోన్ పెట్టేసి చాలాసేపు అక్కడే నిలబడింది. నలభై ఏళ్ళుగా ఆ పిల్లకూ తనకూ మధ్య ఉన్నదానికి ఎవరూ పేరు పెట్టలేదు. నరెల్ పెళ్ళిలో గ్లెనిస్‌ను మూడో వరసలో కూర్చోబెట్టారు. ఆ పెళ్ళి పెటాకులైనప్పుడు సంగతి ఆమెకు అందరికంటే ఆఖర్న తెలిసింది. అలాంటిది ఇప్పుడు ఏకంగా దేశపు చట్టమే, నువ్వు ఆమె మనిషివి, నీ ఓటు ఆమె ఓటు లాంటిదే, అంటోంది. ఆ రాత్రి ఆమె రేకుల కప్పు మీద వాన కురుస్తుంటే నిద్రపోయినట్టు నిద్రపోయింది. బయట చుక్క వాన లేదు.

మర్నాడు మెర్వ్‌కి చెప్పకుండా ఉండలేకపోయింది.

"చట్టం చెప్పిందా, నువ్వా పిల్ల ఇంటి మనిషివని?"

"చెప్పింది."

"భలే చట్టం. చుట్టరికం చేతిలో పెట్టి నోరు పట్టుకుపోయింది."

"నీకు కుళ్ళు మెర్వ్."

"ఉంది మరి. నా చుట్టాలంతా శ్మశానంలో ఉన్నారు. వాళ్ళకీ ఓటు లేదు." మెర్వ్ టీకప్పు కింద పెట్టాడు. "ఓటు లేనిదానివి, మరెందుకు వెళ్తున్నావు?"

ఎందుకంటే బడిలో బహుమతుల రోజున తల్లిదండ్రులు వెళ్ళరూ, అందుకు. ఆ మాట ఆమె పైకి అనలేదు. నీలం కోటు ఉతికించుకుంది. నవంబర్ ఎండల్లో కోతయంత్రాలు చేలలోకి దిగుతుంటే బస్సెక్కి, బల్లారట్‌లో రైలెక్కి, ముందురోజే మెల్‌బోర్న్ చేరింది. రాత్రి ఇంటికి రమ్మని నరెల్ అనలేదు. బోర్డువాళ్ళతో భోజనం ఉందని మాత్రం చెప్పింది. స్టేషన్ పక్కన చవక లాడ్జిలో పడుకుని, పొద్దున్నే జుట్టు రెండుసార్లు దువ్వుకుని, ఆ పెద్ద హోటల్‌కి నడుచుకుంటూ వెళ్ళింది.

గుమ్మం దగ్గర బల్లల వరస ఉంది. కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకున్న ఒక నడివయసు ఆమె పేరు చూసి పసుపు కార్డు, పెన్ను చేతిలో పెట్టింది.

"ఇవిగోనమ్మా. అన్ని అంశాలకీ ఇందులోనే గుర్తు పెట్టొచ్చు."

"అన్నిటికీ కాదు" అంది గ్లెనిస్. ఇంత మంది ముందు ఆ మాట అనడంలో ఆమెకు కొంచెం సిగ్గు, కొంచెం గర్వం. "జీతాల దాని మీద నాకు ఓటు లేదు. నేను నరెల్ పాస్కో మనిషిని. డైరెక్టర్ ఉందే, ఆ నరెల్."

"అయ్యో, అలాగా. అమ్మగారా?"

"కాదు."

"పిన్నా? మేనత్తా?"

"వాళ్ళమ్మా నేనూ కలిసి పనిచేశాం. వాళ్ళమ్మ పోయాక... మా ఇంట్లో ఉంది, కొన్నాళ్ళు."

"దత్తత తీసుకున్నారా?"

"లేదు."

"ఇప్పుడు మిమ్మల్ని పోషించేది ఆవిడేనా? ఏమనుకోకండి, అడగాలి."

"నాకు పింఛను వస్తుంది."

ఆమె పక్కనున్న తన పైఅధికారి వైపు వంగి గుసగుసగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ముఖం విప్పారింది.

"ఇంకేం, మీకేం అడ్డు లేదమ్మా! భర్త, పిల్లలు, ఆవిడ మీద ఆధారపడ్డవాళ్ళు, సొంత కుటుంబం, వాళ్ళకే ఆ నిషేధం. మీరు వాళ్ళలో ఎవరూ కాదు. చట్టం ప్రకారం మీరు ఆవిడకేమీ కారు. నిక్షేపంగా వేసుకోండి."

పాపం, ఆమె మంచివార్త చెబుతున్నాననుకుంది. గ్లెనిస్ "థాంక్యూ అమ్మా" అని కార్డు తీసుకుంది. వెనక వరసలో ఉన్నవాళ్ళకి దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది. ఎటు జరగాలో తెలియక, గోడ వైపు జరిగింది.

హాల్లో దీపాల కింద డైరెక్టర్లు వరసగా కూర్చున్నారు. నరెల్ ఆ కొసన, బూడిదరంగు కోటులో. జుట్టు డల్సీ జుట్టే. తన వంతు రాగానే లేచి జీతాల సంగతి మొదలుపెట్టింది. మంచి మనుషులు కావాలంటే మంచి జీతం ఇవ్వాలి, పోటీ ఉంది, నిరుడు మీరు చెప్పింది విన్నాం, కొన్ని మార్చాం. గొంతు నిలకడగా ఉంది. చివర్న కాగితం పక్కన పెట్టింది.

"ఇందులో నాకు కష్టం లేదనుకోకండి. మా అమ్మ ఈ బ్యాంకు మొదటి శాఖలో కౌంటర్ దగ్గర పనిచేసింది. నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత నన్ను పెంచింది..."

గ్లెనిస్ వీపు నిటారుగా అయింది.

"...నన్ను పెంచింది బరింగల్ ఊరు. ఆ ఊరి విలువలే ఈ గదిలోకి నాతో తెచ్చుకున్నాను."

చప్పట్లు వచ్చాయి. ఊరు అనేది ఎంత సౌకర్యమైన మాటో చూడండి. ఊరు లేచి నిలబడి, నేనెప్పుడు తడిగుడ్డ వేశాను, అని అడగదు. ఊరిని భోజనానికి పిలవక్కర్లేదు. ఊరి గదిలో దీపం ఆర్పేసి, కౌంటర్ మూసేసి, ఆ ఊరి పేరే చెప్పుకుని చప్పట్లు కొట్టించుకోవచ్చు.

ప్రశ్నలు మొదలయ్యాయి. వాటాదార్ల సంఘం నుంచి ఒకాయన అంకెలు అడిగాడు, అంకెలతోనే జవాబు వచ్చింది. గ్లెనిస్ లేచి మైకు దగ్గరికి ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. పేరు రాసుకుని ఆ చీటీని వేదిక మీదకి పంపారు.

"మిసెస్ టార్పీ, చెప్పండి" అన్నాడు ఛైర్మన్.

"నేనూ బరింగల్ నుంచే వచ్చాను." మైకు ఆమె గొంతును మరెవరిదోగా మార్చి గదంతా పరిచింది. "శాఖలు మూసినందుకు ఎండీ గారికి బోనస్‌లో కొంత ఇచ్చామని రాశారు. అందులో బరింగల్ మూసినందుకు ఎంత?"

ఎవరో నవ్వారు. ఛైర్మన్ నరెల్ వైపు చూశాడు. నరెల్ నేరుగా గ్లెనిస్ వైపు చూసింది. ఒక్క క్షణం ఆ పెదాలు "ఆ" అన్న ఆకారంలోకి వచ్చినట్టే అనిపించింది.

"ప్రశ్నకు ధన్యవాదాలు, మిసెస్ టార్పీ. శాఖల వారీగా మేం విడదీయం. మొత్తం పనితీరు చూసి నిర్ణయిస్తాం."

"మొత్తంలో మేమూ ఉన్నాంగా" అంది గ్లెనిస్. "మాకెంతో చెప్పండి చాలు. మెర్వ్ షుల్జ్‌కి చెప్పాలి. బండి నడపడానికి అతనికి కన్ను ఆనదు."

"ఆ వివరం మా దగ్గర లేదు. మీ ఆవేదన మేం నమోదు చేసుకుంటాం."

వెనక నుంచి ఇంకొకరు మైకు కోసం వచ్చేశారు. గ్లెనిస్ కుర్చీకి తిరిగొచ్చింది. ఆమె ఎన్నడూ ఎవరికీ మిసెస్ కాలేదు. ఆ సంగతి ఈ గదిలో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే ఇప్పుడామెకు పెళ్ళి చేసేసింది.

ఓట్లకు పిలుపొచ్చింది. గ్లెనిస్ పసుపు కార్డును మోకాలి మీద పెట్టుకుంది. జీతాల నివేదిక దగ్గర వెంటనే వద్దు అని గుర్తు పెట్టింది. మెర్వ్ కోసమూ పెట్టింది, ఎర్ర ఇటుకల కోసమూ పెట్టింది. నన్ను ఇంటి మనిషన్నావు కదా అన్న కోపం కూడా ఆ గీతలో ఉందా అంటే, ఉంది. ఆ కింద రెండో ప్రశ్న. రెండో దెబ్బ పడితే డైరెక్టర్లందర్నీ దింపి మళ్ళీ ఎన్నికకు నిలబెట్టాలా? అవునంటే నరెల్ కుర్చీ కూడా పోవచ్చు. పెన్ను చాలాసేపు కాగితానికి తాకకుండా ఆగింది. పక్కనాయన ముగించి కార్డు మడిచేశాడు. డబ్బా పట్టుకుని మనిషి వరసల్లోకి వచ్చేస్తున్నాడు. గ్లెనిస్ వద్దు అనే రెండోసారీ గుర్తు పెట్టింది. ఎవరూ చూడకుండా చేయి అడ్డం పెట్టుకుని పెట్టింది, తప్పు చేస్తున్న పిల్లలాగా.

ఫలితం తెర మీద వచ్చింది. జీతాల నివేదికకు వ్యతిరేకం నూటికి ముప్పై ఒకటి. రెండో దెబ్బ పడింది. గది గుసగుసలాడింది. వెంటనే రెండో అంకె వచ్చింది. డైరెక్టర్లను దింపాలన్న ఓట్లు నూటికి తొమ్మిది కూడా లేవు. పెద్ద పెద్ద పింఛను నిధులు ఒక చేత్తో చెంప మీద కొట్టి, రెండో చేత్తో కుర్చీ సర్ది మళ్ళీ కూర్చోబెట్టాయి. ఆ మొదటి ఓటైనా ఉత్త సలహానే. ఎండీ గారి డబ్బు ఎండీ గారిదే. మెకానిక్స్ హాల్లో వెనక బెంచీ మీది ఒక కేక ఆపగలిగినదాన్ని ఇక్కడ ముప్పై ఒక శాతం ఆపలేకపోయింది.

టీ బల్ల దగ్గర చిన్న చిన్న సాండ్‌విచ్‌లు, అంచులు కత్తిరించినవి. గ్లెనిస్ ఒకటి తీసుకుని తినకుండా పట్టుకుని నిలబడింది. నరెల్ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చింది.

"రావొద్దన్నానుగా ఆంటీ."

"అన్నావు."

"మైకు దగ్గరికెళ్ళే ముందు నాకొక మాట చెప్పొచ్చుగా? ఆదివారాలు మాట్లాడుకుంటూనే ఉన్నాంగా."

"మనం వాన గురించి మాట్లాడుకుంటాం నెల్."

నరెల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అక్కడ నిలబడి ఆంటీ అంటే రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా?"

"ఏం రాస్తారు?"

"ఓటేశావా?" అంది నరెల్.

"వేశాను."

"నీకు లేదని చెప్పాను కదా!"

"అడిగాను. ఉందట. నేను నీకేమీ కానట."

నరెల్ ముఖంలో రంగు మారింది. "లాయర్లు చాలా జాగ్రత్తగా ఉండమన్నారు ఆంటీ. నువ్వు ఆ లెక్కలోకి వస్తావనే అనుకున్నా నేను. నిజంగా."

గ్లెనిస్ ఆ ముఖంలోకి చూసింది. సైకిళ్ళ షెడ్డు వెనక తాగలేదని ఒట్టేసినప్పుడూ ఇదే ముఖం. అమ్మ ఇంక రాదా అని అడిగినప్పుడూ ఇదే ముఖం. ఈ ముఖం చదవడం తనకు వచ్చని ఇన్నేళ్ళూ నమ్మింది. ఇప్పుడు చూస్తే అది నిజం చెబుతోందో, ఒక వద్దు ఓటు తప్పించుకోవడానికి చెప్పిన అబద్ధాన్ని కప్పుకుంటోందో, ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే ఆమెకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది.

"వద్దని వేశావా?"

"వద్దనే వేశాను."

రెండో గుర్తు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ కళ్ళు మెత్తబడేవేమో. గ్లెనిస్ చెప్పలేదు. ఇస్తే ఇచ్చినట్టుండాలి, అణా పైసలతో చెప్పుకోకూడదు.

ఎవరో వచ్చి, "నరెల్ గారూ, పైన భోజనానికి అందరూ కూర్చున్నారు" అన్నారు.

"ఒక్క నిమిషం. ఆంటీ, స్టేషన్‌కి కారు పెట్టిస్తాను, ఉండు."

"నడుస్తాలే. దగ్గరే."

"ఎండగా ఉంది."

"ఇదొక ఎండా?" అంది గ్లెనిస్.

నరెల్ ఆమె మోచేయి పట్టుకుంది, వదిలింది. లిఫ్టు వైపు వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగింది కూడా. కాని అప్పటికి మధ్యలోకి ఇంకెవరో వచ్చి ఆమె చేయి పట్టుకుని ఊపుతూ, మీ ప్రసంగం బాగుందండీ, ముఖ్యంగా మీ ఊరి సంగతి, అంటున్నారు.

మధ్యాహ్నం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. నగరం జారిపోయి, గొర్రెలూ కంచెలూ పసుపు చేలూ మొదలయ్యాయి. ఎదుటి సీట్లో ఇంచుమించు తన వయసావిడ, ఒళ్ళో పెద్ద సంచీ, అల్లిక సగం బయటికి. అలాంటివాళ్ళు ఎక్కువసేపు ఊరుకోలేరు.

"మెల్‌బోర్న్‌లో మీ వాళ్ళున్నారా?" అని అడిగింది ఆవిడ.

గ్లెనిస్ కిటికీ వైపు చూసింది. బదులు చెప్పడానికి ఆమెకు ఒక స్టేషన్ పట్టింది. రైలు ఆగింది, ఇద్దరు దిగారు, మళ్ళీ కదిలింది.

"లేరు" అంది. "బ్యాంకు పని మీద వెళ్ళాను."

"బ్యాంకు పనికి ఇంత దూరమా!"

"మా ఊళ్ళో మూసేశారు."

"మాదీ మూసేశారు" అంది ఆవిడ, అల్లిక ఒళ్ళోకి లాక్కుంటూ.